గోడ మీది పాల లెక్క

63లోంచి ఒకటి తీసేస్తే ఎంత? ఇరవై రెండేళ్ళుగా విజయవాడలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతున్నదాన్ని, 62 అనే నమ్ముతూ వచ్చాను. 2023 సెప్టెంబరులో ఒక రోజు పొద్దున నా ఫోను మాత్రం సున్నా అంది.

అంతకుముందు జూన్‌లో చేయించుకున్న మూడు నెలల సగటు షుగర్ పరీక్షలో నాకు 6.2 వచ్చింది. 5.7కు చేరితే హెచ్చరిక, 6.5కు చేరితే షుగర్ వచ్చినట్టే అని డాక్టరు గారు మందుల చీటీ వెనక ఒక అడ్డగీత గీసి, దాని మీద నేను ఎక్కడున్నానో పెన్నుతో పొడిచి చూపించారు. నాలాగా ఆ గీత మీద నిలబడినవాళ్ళు దేశంలో 13 కోట్లకు పైనే ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి సర్వే వివరాలు వెలువడింది కూడా ఆ నెలలోనే. అంత పెద్ద గుంపులో ఉన్నానని తెలిస్తే ధైర్యం రావాలో, భయం రావాలో అర్థం కాలేదు. "మందులు ఇప్పుడే వద్దు, నడవండి" అన్నారు డాక్టరు గారు.

జూలై ఒకటిన మొదలుపెట్టాను. ఫోనులో ఒక యాప్ వేసుకున్నాను. అరగంట నడిస్తే ఒక మంట బొమ్మ వెలుగుతుంది, పక్కన అంకె ఒకటి పెరుగుతుంది. మొదట్లో ఆ అంకె నన్ను బాగానే లేపింది, కాదనను. ఆగస్టులో అధిక శ్రావణం వెళ్ళి నిజ శ్రావణం వచ్చేసరికి పెళ్ళిళ్ళు ఊపందుకున్నాయి. మా ఆడపడుచు కూతురి పెళ్ళిలో రాత్రి పదకొండింటికి గుర్తొచ్చింది, ఆ రోజు నడవనే లేదని. పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, కల్యాణ మండపం వెనక గుండిగలు కడుగుతున్న చోట ఆ గోడ నుంచి ఈ గోడకు తిరగసాగాను. "ఏమైనా పోయిందా అమ్మా?" అని అడిగాడు వంటాయన. అంకె పోతుందయ్యా అంటే ఆయనకేం అర్థమవుతుంది? "చెవి దిద్దు" అన్నాను. పాపం, చేతిలో గుండిగ కింద పెట్టి ఆయనా వెతకడం మొదలుపెట్టాడు. అరగంట ఇద్దరం తిరిగాం. ఆ రాత్రి నాకు మంట బొమ్మ వెలిగింది. ఆయనకు నడుం నొప్పి మిగిలి ఉంటుంది.

వారం తిరగకుండానే జ్వరం వచ్చింది. 63 రోజుల తరవాత మొదటి నాగా. జ్వరం నాలుగు రోజుల్లో తగ్గింది, నడక మాత్రం డిసెంబరు చివరిదాకా మళ్ళీ మొదలు కాలేదు. జ్వరాన్ని తప్పు పట్టలేను. ఆపింది ఆ సున్నాయే. సున్నా దగ్గర నిలబడ్డ మనిషి ఇవాళ నడిస్తే వచ్చేది ఒకటి. 63 చూసిన కంటికి ఒకటి ఆనదు.

ఇదేదో నా ఒక్కదాని బలహీనత అనుకునేదాన్ని. మద్యం మానేసినవాళ్ళు మళ్ళీ ఎలా జారిపోతారో ఏళ్ళ తరబడి పరిశీలించిన అమెరికా మనస్తత్వవేత్త అలన్ మార్లాట్, సరిగ్గా ఈ మలుపు గురించే రాశాడు. ఒక్క గుక్క చేసే నష్టం చిన్నది. 'ఎలాగూ తప్పాను కదా' అనుకోవడంతో వచ్చే నష్టం పెద్దది. మనవాళ్ళు దీన్ని ఎప్పుడో తేల్చేశారు, నిండా మునిగినవాడికి చలేమిటని.

ఈ 'గొలుసు తెగనివ్వకు' అనే మంత్రం ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే ఇంకా నవ్వొస్తుంది. గోడ మీద పెద్ద కాలెండరు పెట్టుకుని, పని చేసిన ప్రతి రోజు మీదా ఎర్రగా ఇంటూ గుర్తు పెట్టాలని, ఆ గుర్తుల గొలుసు తెగకుండా చూసుకోవడమే రహస్యమని అమెరికా హాస్యనటుడు జెర్రీ సైన్‌ఫెల్డ్ ఒకరికి చెప్పాడని 2007లో ప్రచారంలోకి వచ్చింది. ప్రపంచమంతా ఆయన పేరు మీద గొలుసులు అల్లుకుంది. 2014లో అభిమానులతో మాట్లాడుతూ, ఆ ఆలోచన తనది కానే కాదని, అందులో పెద్ద ఆలోచన కూడా ఏమీ లేదని ఆయనే కొట్టిపారేశాడు. తండ్రి కాదన్నా బిడ్డ బతికేసింది.

తెలుగువాళ్ళకు గొలుసు కొత్తేమీ కాదు. దాన్ని మనం దీక్ష అంటాం. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళు 41 రోజులు చన్నీళ్ళ స్నానం, నేల మీద పడక, కాళ్ళకు చెప్పులు లేకుండా నడక, ఒక్క రోజు కూడా తప్పరు. మా తమ్ముడు అలా మూడుసార్లు వేసుకున్నాడు, మామూలు రోజుల్లో ఎనిమిదింటికి ముందు లేవని మనిషి. కాబట్టి గొలుసుకు బలం లేదని నేను అనడం లేదు. కానీ దీక్షకు విరమణ ఉంది. ఇరుముడి కట్టుకుని కొండకు వెళ్ళి వచ్చి మాల తీసేస్తారు, ఇంటికొచ్చి పరుపు మీద పడుకుంటారు. ఎప్పుడు ముగుస్తుందో తెలుసు కాబట్టే అంత కఠినంగా ఉండగలరు. యాప్‌లోని గొలుసుకు కొండ లేదు, ఇరుముడి లేదు, మాల తీసే రోజు లేదు. అది ముగిసేది మనం తప్పినప్పుడే. అంటే ఎంత గొప్పగా చేసినా ఆఖరి ఘట్టం ఓటమే అని ముందే రాసిపెట్టి ఉంది. ఇలాంటి పందెంలో తెలిసి తెలిసి దిగేవాళ్ళను ఏమంటారు?

మా అమ్మ కాలెండరు గురించి ఇక్కడ చెప్పాలి.

తెనాలిలో మా ఇంటి వంటింటి తలుపు పక్కన మేకుకు పంచాంగం కాలెండరు ఉండేది. ఆ మేకుకే పురికొసతో ఒక పెన్సిలు ముక్క వేలాడేది. దాన్ని మేము ముట్టుకుంటే వీపు చిట్లేది. అమ్మ ఆ కాలెండరులో రోజూ ఏమీ రాసేది కాదు. పాలు వచ్చిన రోజున గడి ఖాళీ. రాని రోజున ఒక నిలువు గీత. పండక్కో పబ్బానికో ఎక్కువ పోయించుకుంటే పక్కన చిన్న అంకె. గేదె ఈనిందనో, అల్లుడు వచ్చాడనో పాలాయన రాకపోతే కారణం కూడా ఒక మాటలో ఉండేది. నెలాఖరున ఆయన అరుగు మీద కూర్చుంటే అమ్మ కాలెండరు ముందు నిలబడి, "నాగాలు మూడు పోను ఇరవై ఎనిమిది, సంక్రాంతికి ఎక్కువ పోసినవి రెండు" అని చదివేది. ఇద్దరూ ఒప్పుకునేవాళ్ళు. డబ్బులు చేతులు మారేవి. మరుసటి రోజు మళ్ళీ పాలు వచ్చేవి.

ఆ తంతులో నాగా అంటే తప్పు కాదన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా వెలిగింది. మూడు నాగాలు పడ్డాయని అమ్మ ఆయన్ని తిట్టేది కాదు, మిగతా ఇరవై ఎనిమిది రోజుల పాలూ చెల్లవని అనేది కాదు. నాగా ఒక లెక్క, అంతే. రెండు మూడు రోజులు వరుసగా పడితే మాత్రం, "గేదెకేమైనా అయిందా?" అని కబురు పంపేది.

నేను ఉద్యోగంలో రోజూ చేసే పని దీనికి పూర్తిగా వేరు. హాజరు పట్టీలో గైర్హాజరు అంటే నేరం. దానికి తండ్రిని పిలిపిస్తాం, ఉత్తరం రాయిస్తాం. కారణం అడుగుతాం కానీ నమ్మం. నా నడక విషయంలో నా ఫోను నన్ను హాజరు పట్టీలో ఎక్కించిందని, నేను తలవంచుకుని నిలబడ్డానని గ్రహించాక, దాన్ని తీసేసి అమ్మ పద్ధతికి మారాను.

కాలెండరు ఎంచుకోవడమే ఒక ప్రహసనం. మావారికి నగల దుకాణం వాళ్ళు ఇచ్చినదాంట్లో తేదీలకంటే హారం పెద్దది. పంచాంగం కాలెండరులో ఒక్కో గడిలో తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం కిక్కిరిసి ఉంటాయి, చీమ నడవడానికి కూడా చోటుండదు, నా నడక ఎక్కడ పట్టేది? చివరికి ఒక ఎరువుల దుకాణం వాళ్ళ కాలెండరు దొరికింది. పైన ఒక వరి పొలం, కింద ఖాళీ గళ్ళు. వారాల పేర్లు ఎడమవైపు ఒకదాని కింద ఒకటి ఉండి, ఒక్కో వారం తేదీలు అడ్డంగా సాగుతాయి. మంగళవారాలన్నీ ఒకే వరుసలో, గురువారాలన్నీ ఒకే వరుసలో. ఈ అమరిక ఎంత పనికొస్తుందో అప్పుడు తెలియదు.

2024 జనవరి ఒకటి సోమవారం. వారం మొదలు, నెల మొదలు, ఏడాది మొదలు మూడూ ఒకేరోజు. ఇలాంటి మొదళ్ళలో మనుషులు కొత్త పనులకు ఎక్కువగా పూనుకుంటారని, వ్యాయామశాలకు వెళ్ళేవాళ్ళ సంఖ్య కూడా పెరుగుతుందని అమెరికాలో హెంగ్‌చెన్ డాయ్, కేథరిన్ మిల్క్‌మన్, జేసన్ రిస్ అనే పరిశోధకులు 2014లో చూపించారు. మంగళవారం వద్దు, అమావాస్య వద్దు, ఆషాఢం వద్దు అని మంచిరోజు కోసం వెతుక్కునే జాతికి ఇది వింతేమీ కాదు. ఆరంభశూరత్వం అనే మాటను మన మీద మనమే వేసుకున్నవాళ్ళం. మొదలుపెట్టడం మనకు ఎప్పుడూ కష్టం కాలేదు.

నా గుర్తులు ఇవి. అరగంటో అంతకు మించో నడిస్తే నిలువు గీత. పది నిమిషాలో పావుగంటో అయితే సగం గీత. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులు పెట్టి తోయడం లాంటి కండరాల పని చేసిన రోజు గీత పక్కన చుక్క. నడవని రోజు గడిలో కారణం ఒక్క అక్షరం: 'ప' అంటే పని, 'చు' అంటే చుట్టాలు, 'జ్వ' జ్వరం, 'వా' వాన, 'బ' బద్ధకం.

అమ్మ నాగాలకు గీత పెడితే నేను నడిచిన రోజులకు పెట్టాను. కారణం ఉంది. అమ్మకు పాలు రావడం మామూలు, రాకపోవడం విశేషం. నడక ఇంకా నా ఇంటికి పాలలాగా రావడం లేదు. పద్దెనిమిదో శతాబ్దంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ కూడా అమ్మలాగే చేశాడు. 13 సద్గుణాలు రాసుకుని, వారానికో పట్టిక గీసి, తప్పినచోట నల్లచుక్క పెట్టేవాడు. చుక్కలు లేని పేజీ చూడాలని ఆయన కోరిక. ఆయన ఆత్మకథ ప్రకారం చుక్కలు తాను అనుకున్నదానికంటే ఎక్కువే పడ్డాయి, కానీ తగ్గుతూ వచ్చాయి. తగ్గుతున్నాయని తెలిసింది అవి ఒక పట్టికలో ఉండబట్టే.

సగం గీత మీద మా తమ్ముడు అభ్యంతరం చెప్పాడు. "అది నిన్ను నువ్వు మోసం చేసుకోవడం అక్కా" అన్నాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం పెద్దవాళ్ళకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, వారంలో రెండు రోజులైనా కండరాలకు పని కావాలి. 2010 నాటి సూచనల్లో ఒక్కో విడత కనీసం పది నిమిషాలు ఉంటేనే లెక్కలోకి వచ్చేది. 2020లో ఆ షరతు ఎత్తేశారు, ఎంత చేసినా లెక్కే అన్నారు. జెనీవాలో కూర్చున్నవాళ్ళు ఒప్పుకున్నాక హైదరాబాదులో కూర్చున్న తమ్ముడి ఒప్పుదలతో నాకేం పని?

ఏడాది చివర కాలెండరు దించి, సంక్రాంతి సెలవుల్లో లెక్క వేశాను. లీపు సంవత్సరం, 366 రోజులు. నిండు గీతలు 222. సగం గీతలు 58. నాగాలు 86. ఎలాగోలా కదిలిన రోజులు నూటికి 76 చిల్లర. మా కళాశాల 75 శాతం నిబంధన పెట్టినా పరీక్షకు కూర్చోనిచ్చేవాళ్ళు. అదే ఏడాదిని యాప్ లెక్కలో చూస్తే నా పెద్ద గొలుసు 19 రోజులు. 63తో పోలిస్తే సిగ్గుచేటు. కానీ 63 రోజుల గొలుసు ఉన్న 2023లో నేను నడిచింది మొత్తం కలిపి ఎన్ని రోజులో మీరే చూడండి. 63, పెళ్ళిళ్ళ పుణ్యమా అని వంటాయన నడిచినవి కాకుండా.

అంకెలకంటే ఎక్కువ చెప్పినవి ఆ గళ్ళు. మార్చికల్లా ఒక సంగతి కంటికి కొట్టింది. గురువారాల వరుస అంతా సగం గీతలు, 'ప'లు. మిగతా వరుసలు బాగానే ఉన్నాయి. గురువారం మొదటి పీరియడ్ నాది, ఎనిమిదింటికల్లా కళాశాలలో ఉండాలి. ఆ సంగతి నాకు తెలియనిది కాదు, కానీ దానికీ నా నడకకూ ముడి ఉందని గోడ మీద చూసేదాకా తోచలేదు. నేను గురువారం పొద్దుట లేవలేకపోవడాన్ని క్రమశిక్షణ లోపం కింద రాసుకున్నాను. పరిష్కారం చాలా తేలిక: గురువారం నడక సాయంత్రానికి మార్చాను. కళాశాల నుంచి ఆటోలో రాకుండా బందరు కాలువ పక్క నుంచి అరగంట నడిచి వస్తున్నాను. ఏప్రిల్ నుంచి గురువారాల వరుస నిండింది. ఇందులో సంకల్ప బలం పాత్ర నాకు తెలిసి ఏమీ లేదు. టైంటేబులు మారింది.

ఎండ గురించి నేను వేసుకున్న అంచనా కూడా తప్పింది. బెజవాడ మే నెలలో ఎవరు నడుస్తారు అనుకున్నాను. తీరా చూస్తే మే నాకు అన్నిటికంటే నిండు నెల. కళాశాలకు సెలవులు, అయిదింటికే తెల్లారడం, ఆరున్నర దాటితే బయట ఉండలేం కాబట్టి వాయిదా వేసే అవకాశమే లేకపోవడం. పలచబడింది మార్చి రెండో సగం, ఇంటర్ జవాబు పత్రాలు దిద్దే రోజులు. పేపర్ల కట్టలు ముందేసుకుని కూర్చున్న మనిషికి కాళ్ళున్న సంగతి గుర్తుండదు.

ఆ 86 నాగాల కారణాలు విడదీస్తే, పని 22, చుట్టాలూ పండగలూ 17, జ్వరాలూ ఒంట్లో బాగాలేకపోవడం 14, వానలూ వరదా 16, బద్ధకం 17. బద్ధకం అయిదోవంతు కూడా లేదు. నేను మాత్రం అంతకు ముందు ప్రతి నాగాకూ బద్ధకం అనే పేరే పెట్టుకుని బాధపడేదాన్ని. ఇది ఆడవాళ్ళు ఒకసారి చేసి చూడవలసిన లెక్క. నా గళ్ళలోని 'చు'లో అత్తగారి తరఫు తద్దినం ఉంది, మరిది కొడుకు పరీక్షకు వచ్చి ఉన్న రెండు రోజులు ఉన్నాయి. ఆ రోజుల్లో మా ఇంట్లో నడక మానని మనిషి ఒకరున్నారు, మావారు. వారి నడకకు చుట్టాలు అడ్డురారు, పైగా కలిసి నడుస్తారు. తిరిగొచ్చేసరికి అందరికీ ఉప్మా తయారుగా ఉంటుంది. గొలుసు తెగకపోవడంలో పట్టుదల ఎంతో, ఉప్మా చేసే మనిషి వంటింట్లో ఉండటం అంతే.

వానలూ వరదా కలిపిన ఆ 16 నాగాల్లో 11 వరదవి. 2024 సెప్టెంబరు ఒకటి, ఆదివారం. బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో రికార్డుకెక్కింది. మా పిన్ని కుటుంబం అయిదుగురు డాబా మీద ఒక రోజంతా గడిపి, పడవలో బయటపడి మా ఇంటికి చేరారు. పదకొండు రోజులు ఉన్నారు. నీళ్ళ క్యాన్లు మొయ్యడం, బురద పట్టిన గిన్నెలు కడగడం, పిన్ని పాడైన కాగితాలు ఆరబెట్టడం. వ్యాయామం కిందికి రాదు కాబట్టి ఆ గళ్ళలో 'వా' అనే రాశాను. పన్నెండో తేదీన పది నిమిషాలు వీధి చివరిదాకా వెళ్ళొచ్చి సగం గీత పెట్టాను. యాప్ అయితే పన్నెండో తేదీన కూడా నాకు సున్నాయే చూపించేది. గోడ మీద ఆగస్టు గీతలన్నీ అలాగే ఉన్నాయి. వరద వాటిని కడగలేదు.

దీనికి శరీరం వైపు నుంచి కూడా ఒక సాక్ష్యం ఉంది. మూడు నెలల సగటు షుగర్ పరీక్ష దేన్ని కొలుస్తుంది? రక్తంలోని చక్కెర ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌ను అంటుకుంటుంది. ఎర్రకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. ఎంత శాతం హిమోగ్లోబిన్‌కు చక్కెర అంటిందో చూస్తే గడిచిన రెండు మూడు నెలల సంగతి తెలుస్తుంది, అందులోనూ ఆఖరి నెల ప్రభావం ఎక్కువ. అంటే ఒంట్లోనూ ఒక కాలెండరు ఉంది. ఒక్క నాగాకు అది సున్నా కాదు. ఒక్క రోజు హడావుడికి లొంగదు కూడా. పరీక్షకు ముందు రోజు ఉపవాసం ఉండి దాన్ని మాయ చేద్దామనుకునే చుట్టాలు నాకున్నారు.

అయితే ఎన్ని రోజులన్న లెక్క ఒక్కటే చాలదు. ఒక నెలలో ఇరవై రోజులు నడిచాననుకోండి. పది నాగాలు మూడు రోజులకొకటి చొప్పున పడటం ఒక రకం, పదీ ఒకేచోట పడటం ఇంకో రకం. మొత్తం ఒకటే, సగటు ఒకటే. పిల్లలకు సగటు చెప్పేటప్పుడు నేను ఏటా చెప్పే హెచ్చరిక ఇదే, సగటు ఆకారాన్ని దాస్తుందని. వ్యాయామం చేసినప్పుడు కండరాలు ఇన్సులిన్‌కు బాగా స్పందిస్తాయి, ఆ మేలు ఒకటి నుంచి మూడు రోజుల్లో తరిగిపోతుంది. అందుకే షుగర్ ఉన్నవాళ్ళు వారానికి కనీసం మూడు రోజులు వ్యాయామం ఉండేలా, వరుసగా రెండు రోజులకు మించి నాగా పడకుండా చూసుకోవాలని అమెరికా డయాబెటిస్ సంఘం చెబుతుంది. గుండెకు ఇంత పట్టింపు ఉన్నట్టు లేదు. బ్రిటన్‌లో దాదాపు 90 వేల మంది చేతికి కదలికలు కొలిచే పరికరం కట్టి చూసి, వారం వ్యాయామంలో సగమో అంతకు మించో ఒకటి రెండు రోజుల్లోనే చేసేసేవాళ్ళకు కూడా గుండెజబ్బుల ముప్పు వారమంతా పంచుకుని చేసేవాళ్ళలాగే తగ్గిందని 2023లో తేల్చారు. రెండు మాటలూ కలిపి చూస్తే, రోజూ చేసి తీరాలన్న పట్టు వైద్యం పెట్టింది కాదు. నాకు కావలసింది వరుసగా మూడో గడి ఖాళీ పడుతోందా అని చూడటం. అది అంకెలో కనబడదు, గళ్ళలో అయితే వంటింట్లోంచి పోతూ పోతూ కనబడుతుంది. "గేదెకేమైనా అయిందా?" అని అమ్మ కబురు పంపినది సరిగ్గా అక్కడే.

2024లో రెండు రోజులు దాటిన ఖాళీలు నాకు అయిదు. సంక్రాంతి, పేపర్లు దిద్దడం, జూలైలో జ్వరం, వరద. అయిదోది అక్టోబరులో నాలుగు రోజులు. దాని కారణం రాయడానికి పెన్సిలు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. పని లేదు, చుట్టాలు లేరు, వాన లేదు. నాలుగు గళ్ళలో నాలుగు 'బ'లు రాసి, చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళాను.

మా తమ్ముడు ఇంకా ఒప్పుకోలేదు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, యాప్‌లో 400 దాటిన గొలుసు. "తెగుతుందన్న భయమే నన్ను లేపుతుందక్కా. భయం తీసేస్తే నేను లేవను" అంటాడు. ఆ మాటలో నిజం ఉంది. అలవాటు కుదురుకునేదాకా భయం మంచి కాపలాదారు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని 12 వారాలపాటు గమనించి 2010లో ప్రచురించిన పరిశోధనలో, ఒక పని అప్రయత్నంగా జరిగేదాకా పట్టిన కాలానికి మధ్యగతం 66 రోజులు. కొందరికి 18, కొందరికి 254. (12 వారాల్లో 254 రోజులు ఎలా చూశారని మా పిల్లలైతే అడుగుతారు, వక్రరేఖను ముందుకు పొడిగించి వేసిన అంచనా అది.) 21 రోజుల్లో అలవాటు అవుతుందని అందరూ చెప్పే మాటకు మూలం, ముఖానికి శస్త్రచికిత్స చేయించుకున్నవాళ్ళు కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం అన్ని రోజులు పడుతోందని 1960లో ఒక ప్లాస్టిక్ సర్జన్ రాసుకున్న గమనిక. మన తమ్ముళ్ళకు ముఖాలు మారలేదు కాబట్టి అది వదిలేద్దాం. లాలీ బృందం చెప్పిన ఇంకో మాట తమ్ముడికి చదివి వినిపించాను: మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పడే తీరు చెప్పుకోదగ్గంతగా చెడలేదు.

వాడికి తెలిసిన లోకం నుంచే మరో ఉదాహరణ చెప్పాను. ప్రోగ్రాములు రాసేవాళ్ళు వాడే గిట్‌హబ్‌లో ఒక్కొక్కరి పేజీ మీద ఏడాది పొడవునా గళ్ళుంటాయి, పని చేసిన రోజు గడి పచ్చబడుతుంది. పక్కనే వరుసగా ఎన్ని రోజులు చేశారో ఒక అంకె కూడా ఉండేది. 2016 మే నెలలో గిట్‌హబ్ ఆ అంకెను తీసేసింది, గళ్ళను ఉంచింది. తరవాత ఏం జరిగిందో పరిశోధకులు చూస్తే, వారాంతపు పని తగ్గింది. రోజుకు ఒక్కటంటే ఒక్క చిన్న మార్పు చేసి చేతులు దులుపుకునే రోజులూ తగ్గాయి. అంటే నేను కల్యాణ మండపం వెనక దిద్దు వెతికిన రాత్రి లాంటివి. వాడు కాసేపు మాట్లాడలేదు. "ఆ అంకె ఉన్నప్పుడే నేను బాగా పని చేశాను" అన్నాడు చివరికి. సరే. వాడి గొలుసు వాడిది.

నా పద్ధతిలో లోపం లేకపోలేదు. ఫోను నా ఒక్కదానికే కనబడేది, గోడ అందరికీ కనబడుతుంది. మొదటి నెలల్లో మావారు కాఫీ తాగుతూ, "ఇవాళ గీత లేదేం?" అనేవారు. కందిపప్పు డబ్బా అడుగంటిన సంగతి కూడా అంతే శ్రద్ధగా గమనిస్తే బాగుంటుందని చెప్పాక మానేశారు. మా అమ్మాయి నిండు వారాలకు నక్షత్రాలు అంటించబోతే వద్దన్నాను. నక్షత్రం అంటించిన వారం పక్కన అంటించని వారం పాపం చేసినట్టు కనబడుతుంది, హాజరు పట్టీ మళ్ళీ దొడ్డిదారిన ఇంట్లోకి వస్తుంది. 2025 జనవరిలో చేయించిన పరీక్షలో 5.9 వచ్చింది. రాత్రి అన్నం తగ్గించాను కూడా, కాబట్టి గీతలకు ఎంత వాటా ఇవ్వాలో లెక్కల మనిషిని అయినా తేల్చలేను.

ఫిబ్రవరిలో అమ్మ తెనాలి నుంచి వచ్చి పది రోజులు ఉంది. డెబ్బై నాలుగేళ్ళు, శుక్లాల ఆపరేషను అయ్యాక చూపు బాగా వచ్చింది. వచ్చిన రోజు సాయంత్రం వంటింట్లో మంచినీళ్ళు తాగుతూ కాలెండరు ముందు ఆగింది. జనవరి పేజీ వెనక్కి తిప్పింది. వేలితో గళ్ళు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ కిందిదాకా వచ్చింది. నేను కూర తరుగుతూ చూస్తున్నాను, ఏమంటుందో అని.

"నెలకు ఇరవై మూడు నాగాలేమిటే! వాణ్ణి మాన్పించి ఇంకొకణ్ణి పెట్టుకోకూడదూ?" అంది.